క్యాట్ రాయాలంటే హైదరాబాద్ వెళ్లాల్సిందేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎంబీఏ ఎంట్రన్సుల గురించి అడిగినవే ఎక్కువ, అందులోనూ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చినవే ఎక్కువ. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబులు రాస్తున్నాను. కొత్తవాళ్ల కోసం ఒక మాట: క్యాట్ అంటే ఐఐఎంలలో (కేంద్రం పెట్టిన మేనేజ్‌మెంట్ సంస్థలు) ఎంబీఏ సీట్ల కోసం దేశమంతా రాసే పరీక్ష, ఐసెట్ మన రాష్ట్రంలోని కాలేజీల్లో ఎంబీఏ సీట్ల కోసం రాసేది.

ప్రశ్న: విజయనగరంలో బీకాం చదువుతున్నాను, జూన్‌లో ఫైనలియర్‌కి వస్తాను. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. ఐఐఎంలో చదవాలని కోరిక. కానీ క్యాట్ మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది, అది బీటెక్ వాళ్ల పరీక్ష, మనవల్ల కాదు అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఐసెట్ రాసుకో చాలు, లేనిపోని టెన్షన్ ఎందుకు అంటుంది అమ్మ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: రెండూ రాయండమ్మా. క్యాట్ నవంబరు చివరి ఆదివారం ఉంటుంది, ఐసెట్ మామూలుగా ఆ తర్వాత వచ్చే మే నెలలో. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లు రెండింటికీ అప్లై చేయొచ్చు. క్యాట్‌కి గట్టిగా తయారైతే ఐసెట్‌కి విడిగా చదవాల్సింది పెద్దగా మిగలదు, అలవాటు మార్చుకోవాలంతే. ఎందుకంటే ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, కాబట్టి చకచకా అన్నీ పెట్టుకుంటూ పోవాలి. క్యాట్ దానికి పూర్తిగా వ్యతిరేకం. 120 నిమిషాలకి 2024 పేపర్లో ఇచ్చింది 68 ప్రశ్నలే, ఆప్షన్లు ఉన్న ప్రశ్నకి తప్పు జవాబు పెడితే ఒక మార్కు పోతుంది. నవంబరు అయ్యాక ఐసెట్ పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాస్తూ ఉండండి, అమ్మ చెప్పిన మాటా నెగ్గుతుంది.

ఇక అసలు భయం ఇంగ్లీషు. ఇక్కడ మీ ఫ్రెండ్స్ రెండు విషయాలు కలిపేస్తున్నారు. క్యాట్‌లో మీరు ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాయక్కర్లేదు, ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. చదివి అర్థం చేసుకుంటే చాలు. తెలుగు మీడియం పిల్లలకి నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడాలంటే నోరు రాదు, అది నిజమే, దాన్నే మొత్తం ఇంగ్లీషు రాకపోవడం అనుకుని పరీక్షకి ముందే దణ్ణం పెట్టేస్తారు. మాట్లాడాల్సింది ఇంటర్వ్యూలో, అది వేసవికి ముందు, కాల్ వచ్చాక వచ్చే సంగతి. ఇప్పుడు కావలసింది చదవడం. అది నేర్చుకోడానికి కోచింగ్ అక్కర్లేదు, హైదరాబాద్ అక్కర్లేదు, రోజూ చదివే ఓపిక కావాలి.

ఎలా చదవాలో కూడా చెప్తాను. రోజుకి ఒక్కటంటే ఒక్కటే పెద్ద వ్యాసం తీసుకోండి. మొదట్లో ది హిందూ ఎడిటోరియల్ పేజీ చాలు, మీ ఊళ్లో పేపరు దొరక్కపోతే విజయనగరం జిల్లా గ్రంథాలయంలో దొరుకుతుంది. రెండు నెలలయ్యాక ఏయాన్ (Aeon) లాంటి సైట్లలో తత్వశాస్త్రం, చరిత్ర, పర్యావరణం మీద వచ్చే పొడుగాటి వ్యాసాలకి వెళ్లండి, క్యాట్ ప్యాసేజీలు ఆ తరహావే వస్తాయి, ఆ సైట్‌లో వచ్చిన వ్యాసాల నుంచి నేరుగా తీసుకున్నవి కూడా ఉన్నాయి. ప్రతి పేరా అయ్యాక ఒక్క క్షణం ఆగి, ఈ పేరాలో రాసినాయన ఏం చెప్పాడు, ఎందుకు చెప్పాడు అని తెలుగులోనే మనసులో అనుకోండి. తెలుగులో అనుకోవడం తప్పు కాదు. అలా అనుకోలేకపోయారంటే ఆ పేరా అర్థం కాలేదని, మళ్లీ చదవాలని తెలుస్తుంది. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ డిక్షనరీ తీయొద్దు, వాక్యాన్ని బట్టి ఊహించండి, చివర్లో ఒకసారి సరిచూసుకోండి. వెయ్యి పదాల లిస్టులు బట్టీ పట్టే పని అస్సలు పెట్టుకోవద్దు, క్యాట్ పదాల అర్థాలు విడిగా అడగడం ఎప్పుడో మానేసింది. 2024లో ఇంగ్లీషు సెక్షన్‌లో 24 ప్రశ్నలుంటే 16 ప్యాసేజీల మీదే వచ్చాయి. మిగతావి పేరా వాక్యాలు వరసలో పెట్టడం, సారాంశం ఎంచడం లాంటివి. అవి కూడా చదివే అలవాటుతోనే వస్తాయి.

చీపురుపల్లి నుంచి విజయనగరం రైల్లోనో బస్సులోనో వెళ్లివస్తుంటారు కదా, ఆ టైమ్‌లో ఫోన్‌లో వ్యాసం చదవండి. పోను సగం, రాను సగం. జులై కల్లా తేడా మీకే తెలుస్తుంది.

ప్యాసేజీ ప్రశ్నల్లో చివరికి రెండు ఆప్షన్ల దగ్గర తేలకుండా ఆగిపోతాం. అప్పుడు ఒక్కటే చూడండి: ఏ ఆప్షన్ ప్యాసేజీ దాటి మాట్లాడుతోంది? అందులో ఉన్న మాట లోకంలో నిజమే కావచ్చు, కానీ ప్యాసేజీలో లేకపోతే అది జవాబు కాదు. 'ఎప్పుడూ', 'కేవలం' లాంటి గట్టి మాటలున్న ఆప్షన్‌ని ఇంకాస్త అనుమానంగా చూడండి.

బీటెక్ వాళ్ల మాటకొస్తే, రాసేవాళ్లలో వాళ్లు ఎక్కువే. కానీ క్యాట్ లెక్కల్లో ఎక్కువ భాగం శాతాలు, లాభనష్టాలు, కాలం-పని, కాలం-దూరం, నిష్పత్తులు, సమీకరణాలు. పదో తరగతి లెక్కలు బాగా వస్తే పునాది ఉన్నట్టే, పైన లాగరిథమ్స్, శ్రేఢులు లాంటివి కొన్ని చేర్చుకోవాలి. పైగా కొన్ని ఐఐఎంలు షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు ఇంజనీరింగ్ కాని వాళ్లకీ, అమ్మాయిలకీ అదనంగా పాయింట్లు ఇస్తాయి. మీరు రెండూ కదా!

ప్రశ్న: పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. బీటెక్ చదివాను, వయసు 26. ఏడాదిగా వారం వారం మాక్ టెస్టులు (నమూనా పరీక్షలు) రాస్తున్నా పర్సంటైల్ (నూటికి ఎంతమందిని దాటామన్న లెక్క) 75 దాటడం లేదు. ఇంకా ఎక్కువ మాక్‌లు రాయాలా? వయసు అడ్డమవుతుందా?
– ఒక పాఠకుడు, రణస్థలం

జవాబు: వయసు గురించి వదిలెయ్యండి బాబూ, క్యాట్‌కి వయసు పరిమితి లేదు. ఉద్యోగ అనుభవానికి చాలా ఐఐఎంలు మార్కులు వేస్తాయి కూడా. మాక్‌లు పెంచకండి, తగ్గించండి. ఎన్ని రాస్తున్నారో చెప్పారు గానీ రాశాక వాటితో ఏం చేస్తున్నారో చెప్పలేదు, నాకు అనుమానం అక్కడే. రెండు గంటల మాక్ రాస్తే దాన్ని విప్పి చూడ్డానికి కనీసం మూడు గంటలు పెట్టాలి. తప్పులన్నీ మూడు రకాలుగా విడదీయండి. విషయమే రాక తప్పినవి, వచ్చి కూడా తొందరలో తప్పినవి, అసలు ముట్టుకోకుండా వదలాల్సినవి. నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడో రకమే మీకు ఎక్కువ ఉంటుందని నా అంచనా. మనవాళ్లు ఎంసెట్ రాసి వస్తారు, అందులో మైనస్ లేదు కాబట్టి ఒక్క బిట్ కూడా ఖాళీ వదలకూడదని చిన్నప్పటి నుంచి నూరిపోస్తారు. అదే చెయ్యి క్యాట్‌లోనూ ఆడుతుంది.

ఒక లెక్క చూడండి. 2024లో క్యాట్ రాసింది దాదాపు 2.93 లక్షల మంది. మొత్తం మార్కుల్లో సుమారు సగం తెచ్చుకున్నవాళ్లు 99 పర్సంటైల్ దగ్గరకి వెళ్లిపోయారు. అంటే దాదాపు సగం పేపరు వదిలేసినా మంచి ఐఐఎంకి తలుపు తెరుచుకుంటుంది, అయితే ఏ సగం వదలాలో తెలియాలి. ఇది అన్నిటికంటే ఎక్కువ తెలిసేది డేటా ఇంటర్‌ప్రెటేషన్, లాజికల్ రీజనింగ్ సెక్షన్‌లో. పట్టికలు, షరతులు ఇచ్చి తర్కంతో తేల్చమనే సెక్షన్ ఇది. 40 నిమిషాలు, ఐదు సెట్లు, ఒక్కో సెట్ అంటే ఒకే సమాచారం మీద వచ్చే నాలుగైదు ప్రశ్నలు. మొదటి సెట్ కనపడగానే దాంట్లో దూకేస్తారు, పన్నెండు నిమిషాలు పోయాక అది తెగదని తెలుస్తుంది, అప్పటికి అంత కష్టపడ్డాం కదా అని వదలబుద్ధి కాదు. అలా కాకుండా మొదటి ఐదు నిమిషాలు పెన్ను పట్టుకోకుండా ఐదు సెట్లూ చదవండి. ఏ సెట్‌లో షరతులు ఖచ్చితంగా ఉన్నాయో, టేబుల్ గీస్తే గడులు నిండుతాయో అది ముందు పట్టుకోండి. రెండు సెట్లు పూర్తిగా, మూడోదాంట్లో ఒకటో రెండో ప్రశ్నలు సరిగ్గా పెడితే ఆ సెక్షన్‌లో మీకు ఢోకా లేదు. గుర్తుంచుకోండి, సెక్షన్‌కి 40 నిమిషాలు అయ్యాక వెనక్కి రానివ్వరు, ఒక సెక్షన్‌లో మిగిలిన టైమ్ ఇంకోదానికి వాడుకోనివ్వరు. సెక్షన్ కటాఫ్‌లు కూడా ఉంటాయి కాబట్టి లెక్కల్లో ఎంత బాగా చేసినా ఒక సెక్షన్ పోతే మొత్తం పోయినట్టే.

నైట్ షిఫ్టు దిగి వచ్చి మాక్ రాయొద్దు. ఆ స్కోరు మీది కాదు, మీ నిద్రమత్తుది, అది చూసి దిగులు పడితే ఇంకో వారం పాడవుతుంది. నైట్ వారంలో వ్యాసాలు చదవడం, పాత తప్పులు మళ్లీ చేయడం పెట్టుకోండి. మిగతా వారాల్లో వీక్లీ ఆఫ్ రోజు పూర్తి మాక్ రాయండి. అసలు పరీక్ష ఉదయం 8:30, మధ్యాహ్నం 12:30, సాయంత్రం 4:30 స్లాట్లలో జరుగుతుంది, మీది ఏ స్లాటో హాల్‌టికెట్ వచ్చాకే తెలుస్తుంది, అందుకని మూడు టైముల్లోనూ రాసి అలవాటు చేసుకోండి. దసరా తర్వాత వచ్చే పైడితల్లమ్మ సిరిమాను జాతర నాటికి కొత్త చాప్టర్లు ఆపెయ్యండి. అక్కడి నుంచి మాక్‌లు, వాటి విశ్లేషణ, అంతే.

ప్రశ్న: మా అబ్బాయి క్యాట్ కోచింగ్‌కి హైదరాబాద్ పంపమని పట్టుబడుతున్నాడు. హాస్టలూ ఫీజూ కలిపితే లక్ష దాటేలా ఉంది. తీరా సీటు వచ్చినా ఐఐఎం ఫీజు 20 లక్షలంటున్నారు, నేను చిన్న కిరాణా వ్యాపారిని. ఇది మాలాంటి వాళ్లకి అయ్యే పనేనా?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: రెండు ఖర్చులూ ఒకటి కాదండీ, విడివిడిగా చూడండి. కోచింగ్ లక్ష మీ జేబులోంచి పోయేది, తిరిగి రాదు. ఇప్పుడు పాఠాలు, మాక్ సిరీస్‌లు అన్నీ ఆన్‌లైన్‌లో చాలా తక్కువకి దొరుకుతున్నాయి, పరీక్ష కూడా కంప్యూటర్ మీదే. మీ ఇంట్లో ఒక గది, నెట్, మంచి మాక్ సిరీస్ ఒకటి, పాత క్యాట్ పేపర్లు ఉంటే ముందు మూడు నెలలు ఇంటి దగ్గరే చదవమనండి. ఆ మూడు నెలలూ రోజూ కూర్చుని చదివితే హైదరాబాద్ అవసరమే రాదు. కూర్చోకపోతే హైదరాబాద్‌లోనూ కూర్చోడు, అక్కడ చూసేవాళ్లు కూడా ఉండరు. ఇంట్లో ఊరికే ఉన్నాడనుకుని కొట్లో కూర్చోబెట్టకండి, రోజుకి నాలుగు గంటలు ఆ అబ్బాయిని వదిలెయ్యండి. ఇది మీరు ఇవ్వగలిగిన కోచింగ్.

ఫీజు మాట నిజమే, చాలా ఐఐఎంలలో 20 లక్షల చుట్టూ ఉంది, అహ్మదాబాద్, బెంగళూరు లాంటి చోట్ల ఇంకా ఎక్కువ. కానీ అది అప్పుగా పుడుతుంది, పొలమో ఇల్లో తాకట్టు పెట్టకుండానే. ఐఐఎం అడ్మిషన్ లెటర్ ఉంటే బ్యాంకులు ముందుకొచ్చి ఇస్తాయి, చదువు అయ్యాక మామూలుగా ఏడాది గడువు ఇచ్చి ఆ తర్వాత కంతులు మొదలుపెడతాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద మంచి ర్యాంకు ఉన్న సంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోనివాళ్లకి 10 లక్షల వరకు రుణం మీద కంతులు మొదలయ్యే దాకా 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. ఐఐఎంలకి సొంత స్కాలర్‌షిప్పులూ ఉంటాయి. మనకి దగ్గర్లోనే 2015లో మొదలైన ఐఐఎం విశాఖపట్నం ఉంది, ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్. ఒక ఆదివారం అబ్బాయిని తీసుకుని అటువైపు వెళ్లి రండి, బయటి నుంచి చూసినా మంచిదే.

ఒక్క జాగ్రత్త. ఐఐఎంకి చేసినట్టు ప్రతి ప్రైవేటు ఎంబీఏ కాలేజీకీ పెద్ద అప్పు చేయకండి. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలని వెతికి, ఏ ఉద్యోగాలు వచ్చాయో వాళ్ల నోటితో విన్నాకే సంతకం పెట్టండి. ఐసెట్ ర్యాంకుతో ఆంధ్రా యూనివర్సిటీలోనో, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలోనో తక్కువ ఫీజుతో చదవడం దానికంటే చాలా నయం.

ప్రశ్న: మాది బీసీ-డి. క్యాట్‌లో ఓబీసీ పెట్టుకోవచ్చా?
– బొబ్బిలి, పలాస, టెక్కలి నుంచి పలువురు

జవాబు: ఇది చాలామందిని ముంచుతున్న విషయం, శ్రద్ధగా చదవండి. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. మన ఉత్తరాంధ్రలో రాష్ట్రంలో బీసీగా ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. ఐఐఎంలు చూసేది కేంద్ర జాబితానే. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ జాబితా తెరిచి మీ కులం పేరు అదే స్పెల్లింగ్‌తో ఉందో లేదో చూసుకోండి. ఉంటే, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేమని చూపే) సర్టిఫికెట్ కావాలి, కాలేజీ స్కాలర్‌షిప్ కోసం తీసుకున్న కులధ్రువీకరణ పత్రం సరిపోదు. లేకపోతే, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల కోటా) కిందికి వస్తారేమో తహసీల్దారు ఆఫీసులో అడగండి. ఇదంతా ఆగస్టులో దరఖాస్తులు మొదలయ్యే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకసారి రిజిస్టర్ అయ్యాక కేటగిరీ మార్చనివ్వరు.

ప్రశ్న: పరీక్షలో కాలిక్యులేటర్ ఇస్తారా? ఈ ఏడాది స్కోరు వచ్చే ఏడాది పనికొస్తుందా? సెంటర్ దూరం పడితే ఎలా?
– ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: స్క్రీన్ మీదే మామూలు కాలిక్యులేటర్ ఉంటుంది, కానీ మౌస్‌తో నొక్కాలి కాబట్టి చిన్న లెక్కలకి దాన్ని నమ్ముకుంటే ఆలస్యం. 30 వరకు వర్గాలు, భిన్నాలకి శాతాలు నోటికి రావాలి. స్కోరు ఆ ఏడాది అడ్మిషన్లకే పనికొస్తుంది. సెంటర్ దూరమైతే ముందురోజు మధ్యాహ్నానికే ఆ ఊరు చేరిపోండి. నవంబరు మనకి తుపాన్ల కాలం, రైళ్లు ఆగిపోవడం కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మీకు తెలియంది కాదు. అందుకే అక్టోబరు మొదట్లోనే పాత పేపర్లు నాలుగైదు ప్రింట్ తీయించి ఇంట్లో పెట్టుకోండి, హాల్‌టికెట్ కూడా వచ్చిన రోజే రెండు కాపీలు తీయించండి.