లెక్కలో అంకెలు దాచేసి చూడండి సార్

సార్, మీ ఏడో తరగతి పిల్లలు రాత లెక్క ఇవ్వగానే "కూడాలా, తీసెయ్యాలా?" అని అడుగుతున్నారన్నారు కదా. మా కావలి వైపు బడిలోనూ అదే గోల. నేను అంకెలు దాచేసి ఇచ్చా: "పుట్టి వడ్లు బస్తాలకెత్తాలి. ఎన్ని గోతాలు కావాలో చెప్పాలంటే మీకేం తెలియాలి?" అంకెల్లేకపోతే ఏం కూడతారు పాపం! పుట్టికెన్ని కిలోలు, గోతానికెన్ని పడతాయని వాళ్లే అడిగారు. మన నెల్లూరు పుట్టి 850, గోతానికి 40 అన్నా. సగం మంది 21.25 అన్నారు. "పావు గోతం ఎక్కడ దొరుకుద్దిరా?" అనేసరికి వాదన మొదలైంది. 22 అని నేను చెప్పలేదు. ఆ పది నిమిషాలు నోరు మూసుకోవడమే కష్టం. లెక్కల పండితుడు జార్జ్ పోల్యా 1945లో లెక్క సాధించడానికి చెప్పిన నాలుగు మెట్లలో చివరిది, జవాబును మళ్లీ తిరిగి చూసుకోవడం, ఇదే. వారానికి ఇలాంటిదొకటి చాలు. "మొత్తం అంటే కూడిక" అనే చార్టు గోడకుంటే మాత్రం ముందు పీకేయండి.