మెటలర్జీ వదిలి ఎన్విరాన్‌మెంటల్‌కి మారిపోనా?

ప్రశ్న: నాకు మెటలర్జీలో (లోహాల ఇంజినీరింగ్) సీటు వచ్చింది. ఉక్కు తయారీలో కాలుష్యం తగ్గించే పని చేయాలని ఉంది. నాన్నేమో అది పాతబడిన పరిశ్రమ, ఉద్యోగాలుండవు అంటున్నారు. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌కి మారిపోనా?

జవాబు: మారొద్దు. నువ్వు చేయాలనుకుంటున్న పని పొగగొట్టం దగ్గర లేదు, కొలిమి లోపల ఉంది. గొట్టానికి ఫిల్టరు పెడితే దుమ్ము ఆగుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్ ఆగదు, ఎందుకంటే ఖనిజంలో ఇనుముని అంటిపెట్టుకున్న ఆక్సిజన్‌ని ఊడదీసేదే కార్బన్. అందుకే బ్లాస్ట్ ఫర్నేస్ (బొగ్గుతో ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి) దారిలో టన్ను ఉక్కుకి దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్రపంచంలో ఏటా తయారయ్యే ఉక్కు 180 కోట్ల టన్నుల పైమాటే, అందులో ఎక్కువ భాగం ఈ దారిలోనే.

కార్బన్ బదులు హైడ్రోజన్ వాడితే నీటి ఆవిరి వస్తుంది. స్వీడన్‌లో హైబ్రిట్ అనే ప్రాజెక్టు వాళ్లు 2021లో ఇలా స్పాంజ్ ఐరన్ (కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసిన ఇనుము) తీసి, దాంతో చేసిన ఉక్కుని అదే ఏడాది వోల్వోకి పంపారు కూడా. వినడానికి సులువే, తంటా అంతా ఆ తర్వాతే. హైడ్రోజన్ చర్య వేడిని లాగేసుకుంటుంది, కాబట్టి గ్యాస్‌ని ముందే బాగా కాచి పంపాలి. టన్ను ఇనుముకి 50 కిలోల పైనే హైడ్రోజన్ కావాలి, నీటి నుంచి ఒక్కో కిలో తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు. ఇక ఆ ఇనుములో కార్బన్ ఉండదు కదా, దాన్ని కరెంటు మెరుపుతో కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో స్లాగ్ (కరిగిన ఉక్కు పైన తేలే మలినాల పొర) నురగ కట్టాలంటే కార్బన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ బుడగలు కావాలి, నురగ లేకపోతే ఆర్క్ వేడి గోడల మీద పడుతుంది, ఆ బుడగలతో బయటికి పోవాల్సిన నైట్రోజన్ కూడా ఉక్కులోనే ఉండిపోతుంది. ఇలాంటివి తేల్చేది మెటలర్జీ చదివినవాళ్లే.

తుక్కు కరిగించడంలోనూ ఇదే కథ. పాత కార్ల తుక్కులో మోటార్లు, వైర్లతో రాగి వస్తుంది, ఒకసారి ఉక్కులో కలిసిందా మామూలు పద్ధతుల్లో బయటికి రాదు, వేడి మీద రోలింగ్ చేసేటప్పుడు (రోలర్ల మధ్య ఒత్తేటప్పుడు) పైన పగుళ్లు. కాబట్టి కరిగించకముందే ఏరెయ్యాలి, సెన్సర్లతో ఏరే పని ఇప్పుడు మంచి రంగం.

నాన్నగారి భయం పూర్తిగా తప్పని అనను. 2025 జూన్‌లో ఉక్కు కంపెనీ ఆర్సెలర్ మిత్తల్ జర్మనీలో రెండు చోట్ల తలపెట్టిన హైడ్రోజన్ ఆధారిత ప్రాజెక్టుని ఆపేసింది, లెక్క గిట్టుబాటు కాలేదని. అందుకే "గ్రీన్ హైడ్రోజన్" అని పేరున్న సర్టిఫికెట్ కోర్సుల వెంట పడకు (వాటిలో చాలావరకు స్లైడ్లే). థర్మోడైనమిక్స్, స్లాగ్ కెమిస్ట్రీ, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా పట్టుకో, ఏ దారి గెలిచినా అవి పనికొస్తాయి. ఎలక్టివ్‌గా ఎలక్ట్రోకెమిస్ట్రీ, వీలైతే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణం మీద పడే భారం లెక్క). పర్యావరణ సబ్జెక్టులు మాస్టర్స్‌లో కలుపుకోవచ్చు, కొలిమి దగ్గరి పట్టు తర్వాత సంపాదించడం కష్టం.

నాన్నగారికి ఒక మాట చెప్పు: 2026 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ దిగుమతి ఉక్కులోని కార్బన్‌కి రుసుము లెక్కిస్తోంది, అంటే అక్కడికి అమ్మే ప్రతి ప్లాంటుకీ టన్నుకెంత కార్బన్ అని లెక్కగట్టగలిగే మనిషి కావాలి.

ఇంటర్న్‌షిప్ మాత్రం ఆఫీసులో కాకుండా ఉక్కు కరిగించే మెల్టింగ్ షాప్‌లోనే అడుగు. ఆ వేడి, ఆ రాత్రి షిఫ్టులు నీకు పడవు అని అక్కడ తేలితే అప్పుడు మారే సంగతి మాట్లాడుకుందాం.