టండ్రాలోనూ ఎడారిలోనూ వాన తక్కువే, మరి ఒకచోట బురద, ఇంకోచోట ఇసుక ఎందుకు?

టండ్రాలో, అంటే ఉత్తర ధ్రువం చుట్టూ చెట్లు పెరగని చలి నేలల్లో, చాలాచోట్ల ఏడాదికి 250 మి.మీ. లోపే వాన, మంచు పడతాయి, ఎడారిలోనూ అంతే, మరి ఇంత తేడా ఏమిటని అడిగారు. నేను జాగ్రఫీ చెప్పే రోజుల్లో క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకాల్లో సగటు వర్షపాతం అని ఒక్క అంకె ఇచ్చి వదిలేస్తారు, అసలు చిక్కంతా అక్కడే.

ఎంత పడింది అన్నదానికంటే ఎంత నిలిచింది అన్నది చూడండి. టండ్రాలో చలికి నీరు ఆవిరయ్యేదే తక్కువ. పైగా అడుగున పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల, నీటిని కిందికి ఇంకనివ్వదు. వేసవిలో పైపొర కరిగిందంటే ఎటు చూసినా చిత్తడే. సహారాలో పడిన కాస్త వాననూ ఎండా పొడిగాలీ లాగేసుకుంటాయి. ఏడాదికి సుమారు 400 మి.మీ.తో సైబీరియాలో టైగా, అంటే సూదుల్లాంటి ఆకులున్న చెట్ల అడవి, పెరుగుతుంది. సహారా దక్షిణ అంచున ఉన్న సాహెల్‌లో అంతే వానకు గడ్డి, ముళ్లచెట్లే మిగులుతాయి.

వాన ఏ నెలల్లో పడుతుందన్నదీ అంతే ముఖ్యం. పిల్లలకు ప్రదేశం పేరు దాచేసి, నెలవారీ వాన, ఉష్ణోగ్రతల గ్రాఫ్ మాత్రం ఇచ్చి, అక్కడ ఏం పెరుగుతుందో చెప్పమనేవాణ్ణి. ఏడాది మొత్తం కూడినవాళ్లు తడబడేవాళ్లు. వాన లేని నెలలు లెక్కపెట్టినవాళ్లు ఇట్టే పట్టేసేవాళ్లు. వేడి ప్రాంతంలో ప్రతి నెలా బాగా వాన ఉంటే వర్షారణ్యం, కొన్ని నెలలు ఎండితే ఆకు రాల్చే అడవి, ఎండుకాలం ఇంకా సాగితే చాలాచోట్ల సవన్నా, అంటే అక్కడక్కడ చెట్లున్న గడ్డి మైదానం.

అందరినీ తికమక పెట్టింది మాత్రం మధ్యధరా గ్రాఫే. అక్కడ వేడి ఉన్నప్పుడు నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు వేడి ఉండదు. అందుకే అక్కడి పొదలకు చిన్నగా, దళసరిగా, తోలులా ఉండే ఆకులు. కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేప్, నైరుతి ఆస్ట్రేలియాల్లోనూ ఇదే వాతావరణం. దగ్గరి చుట్టరికం లేని మొక్కలు కూడా అక్కడ ఇంచుమించు ఇదే రూపానికి వచ్చాయి. అన్నట్టు, వాతావరణ మండలాలను విభజించిన వ్లాదిమిర్ కొప్పెన్ చదివింది వృక్షశాస్త్రం. ఆయన చాలా హద్దులు గీసింది మొక్కలను చూసే!

అయితే అన్నీ వాతావరణం ఖాతాలో వేయకండి. ఆఫ్రికాలో వాన బాగా పడే కొన్ని సవన్నాల్లో ఏళ్ల తరబడి మంటలు రాకుండా ఆపితే చెట్లు కమ్ముకొస్తాయి. అక్కడ అడవికి సరిపడా వాన ఉన్నా, గడ్డిని గడ్డిగా ఉంచుతున్నది నిప్పూ, చెట్లను విరిచి తినే ఏనుగులూ.