మంచు కింద గడ్డి బతుకుతుందా?

ప్రశ్న: బాబాయిగారూ, మాది రాజోలు. మా తమ్ముడు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో ఓ హోటల్లో వంటపని చేస్తున్నాడు. అక్కడి గోల్ఫ్ కోర్సు మంచుతో కప్పబడిపోయిందని, దాని మీదే జనం స్కీయింగ్ నేర్చుకుంటున్నారని వీడియోలు పంపాడు. మొన్నటి వానలకి మా లాన్‌లో వారం రోజులు నీళ్ళు నిలిస్తేనే గడ్డి కుళ్ళింది. నెలల తరబడి మంచు కింద ఆ గడ్డి ఎలా బతుకుతుంది?

జవాబు: అమ్మా, కడియంలో ముప్పై ఏళ్ళుగా లాన్ గడ్డి పెంచుతున్నాను. ఆ మైదానం చూడాలనే ఒకసారి మే నెలలో గుల్‌మార్గ్ వెళ్ళాను. దాదాపు 2,650 మీటర్ల ఎత్తున, 18 హోల్స్. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని తడిమి చూశాను. అంత మెత్తగా, అంత పచ్చగా ఉంది.

మనం వేసే మెక్సికన్ గ్రాస్, బెర్ముడా ఎండకి పెరిగే జాతులు. చలిదేశాల గోల్ఫ్ కోర్సుల్లో బెంట్ గ్రాస్, బ్లూ గ్రాస్ వంటివి ఉంటాయి. చలి ముదిరేకొద్దీ అవి మొదళ్ళలో చక్కెరలు దాచుకుని నిద్రపోతాయి. నిద్రలో ఉన్న మొక్కకి గాలి చాలా కొద్దిగా చాలు. మీ లాన్ మెలకువగా ఉంది, వేళ్ళు ఊపిరి తీసుకుంటున్నాయి. నీళ్ళు నిలిచేసరికి గాలాడక పోయాయి.

పైగా ఆ మంచు మన సంక్రాంతి మంచు లాంటిది కాదు. కొత్తగా పడినప్పుడు అందులో ఎక్కువ భాగం గాలే, బొంతలో దూదిలా. పైన మైనస్ పది ఉన్నా, మందంగా పడినచోట నేల దగ్గర సున్నాకి అటూఇటూగానే ఉంటుంది. మంచు పడకపోతేనే నాకు టెన్షన్. 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్‌మార్గ్‌లో సరిగా పడలేదు. స్కీయింగ్‌కి వచ్చినవాళ్ళ గురించే అందరూ మాట్లాడుకున్నారు. నాకు మాత్రం దుప్పటి లేని ఆ గడ్డే గుర్తొచ్చింది. చలిగాలికి ఆకులు ఎండుతుంటే, గడ్డకట్టిన నేలలోంచి వేళ్ళు నీళ్ళు తోడలేవు.

అసలు శత్రువు ఐసు. ఓ రోజు ఎండకాసి మంచు కరిగి, పల్లంలో నిలిచిన నీరు రాత్రికి గడ్డకడితే, నేల మీద గాజుపలక బిగించినట్టే. పోవా యాన్యువా అనే బ్లూ గ్రాస్ రకం దాని కింద నెలన్నర, రెండు నెలలకి చచ్చిపోతుంది. బెంట్ గ్రాస్ మూడు నెలలైనా ఓర్చుకుంటుంది. 2022 జూలై వరదకి లంకలో నా మడులు మునిగాయి. గోదారి తీశాక చూస్తే ఒండ్రు మందంగా పేరుకున్నవన్నీ పోయాయి, పల్చగా ఉన్నవి చిగురేశాయి. ఆ రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఐసు చేసేదీ అదే పని, గాలి మూసేస్తుంది.

మంచు రెండు నెలలు దాటి కదలకపోతే కింద బూజు తెగులు కూడా రావచ్చు. అందుకే చలికాలానికి ముందే మందు కొడతారు, నత్రజని తగ్గిస్తారు. స్కీలు తిరిగినచోట మంచు అణిగిపోయి ఆలస్యంగా కరుగుతుంది. కాబట్టి బంతి దొర్లే నున్నటి గ్రీన్ల మీద తొక్కిడి లేకుండా చూసుకోవాలి.

మంచు కరిగాక పల్లపు చోట్ల ఫొటోలు తీయమని తమ్ముడికి చెప్పండి. బూడిదరంగు, గులాబీరంగు గుండ్రటి మచ్చలు కనిపిస్తే అది బూజే. నాకూ పంపండి.

ఇక మీ లాన్. పైన పేరుకున్న బురద గీకేసి, గునపంతో అక్కడక్కడా పొడిచి, ఇసుక చల్లండి. వీధి వైపు అడుగు లోతు బోదె తీయండి. మొదళ్ళు ఇంకా పచ్చగా ఉంటే కొత్త గడ్డి కొనకండి, మూడు వారాలు ఆగండి.