థెరపిస్టును మార్చే ముందు ఇది అడిగి చూడండి

డల్లాస్‌లో పుట్టి పెరిగిన మీ పదహారేళ్ల అమ్మాయికి థెరపిస్టు ప్రతిసారీ "అమ్మానాన్నలకు హద్దులు పెట్టు" అంటోంది, ఇంట్లో గొడవలు పెరిగాయి, మానిపించాలా అని కదా అడిగారు. అప్పుడే వద్దండి.

ముందు ఆ థెరపిస్టును, పాపతో కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ (మనిషి సంస్కృతిని, నేపథ్యాన్ని బట్టి సమస్యను అర్థం చేసుకునే ప్రశ్నావళి) చేశారా అని అడగండి. 2013లో డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథంతో వచ్చిన 16 ప్రశ్నలవి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కష్టాన్ని పాప తన మాటల్లో ఏమంటుంది, దేనివల్ల అనుకుంటుంది, ఎవరి సాయం కోరుకుంటుంది, అన్నీ వాటిలో వస్తాయి. కుటుంబసభ్యుల్ని అడిగేందుకు వేరే వెర్షన్ ఉంది. మీతో అది చేయమనండి. టీనేజర్లకూ, వలస కుటుంబాలకూ అనుబంధ ప్రశ్నలున్నాయి.

అసలు చిక్కు ఇక్కడ: మీరు పాప ఫోన్ చూడటం థెరపిస్టుకు పెత్తనం, మీకు బాధ్యత, పాపకు రెండూను. కాబట్టి హద్దును చిన్న ఒప్పందంగా మార్చమనండి: మీరు పాప ఫోన్ తెరిచి చూడరు, రాత్రి పదికి అది హాల్లో ఉంటుంది, ఆదివారం అమ్మమ్మతో వీడియో కాల్ మానదు.

తెలుగు థెరపిస్టే కావాలని పట్టుబట్టకండి. మనవాళ్లకు తెలిసిపోతుందన్న భయంతో కొందరు పిల్లలు నోరే విప్పరు. హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్ అంటారేమో, టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు థెరపీ చేయాలంటే మామూలుగా టెక్సాస్ లైసెన్సే కావాలి. సెషన్లో మీ తెలుగును పాపతో ఇంగ్లీషు చేయించొద్దు, మధ్యలో నలిగిపోతుంది. మూడు నాలుగు సెషన్లకీ తీరు మారకపోతే అప్పుడు మార్చండి. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆగకుండా అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.