మెట్లెక్కితే ఛాతీ బరువు... గ్యాసే అనుకోవద్దు!

ప్రశ్న: నా వయసు 47. హెచ్‌ఐవీకి పదేళ్లుగా మందులు వాడుతున్నాను, ఇప్పుడు టీఎల్‌డీ మాత్ర ఇస్తున్నారు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) బాగా అదుపులో ఉంది. అయినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) వల్ల గుండెజబ్బు రావచ్చని చదివాను. పసుపు క్యాప్సూల్స్ వాడితే తగ్గుతుందా? ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష చేయించుకోవాలా? ఈమధ్య మెట్రో స్టేషన్ మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతోంది. గ్యాస్ సిరప్ తాగి కాసేపు కూర్చుంటే తగ్గుతోంది. రోజుకు నాలుగైదు సిగరెట్లు తాగుతాను.
– ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: పసుపు సంగతి తర్వాత. మెట్లెక్కితే బరువెక్కి, కూర్చుంటే తగ్గుతోందంటే యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) కావచ్చు. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, మీకు తగ్గించింది సిరప్ కాదు, కూర్చోవడమేమో! వాయిదా వేయకుండా ఈసీజీ తీయించుకుని కార్డియాలజిస్టును కలవండి. ఈసీజీ నార్మల్ వచ్చినంత మాత్రాన గుండెకు ఏమీ లేదని కాదు. ఎకో, ఇంకా ఏ పరీక్షలు కావాలో ఆయన చెబుతారు. కూర్చున్నా బరువు తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ సిరప్‌తో ఇంకో చిక్కుంది. చాలా గ్యాస్ సిరప్‌లలో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం మీ టీఎల్‌డీ మాత్రలోని హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత సిరప్ తాగాలి. ముందే తాగేస్తే 6 గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. మీరేం వాడుతున్నారో మందుల షాపతనికి మీరు చెప్పరు, అతను అడగడు. చెప్పుకోలేని ఇబ్బంది నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లు ఒక్క డోసు తప్పకుండా కాపాడుకున్న ఫలితాన్ని అడగకుండా కొన్న సీసాతో పాడు చేసుకుంటారా?

మీరు చదివింది నిజమే. వైరస్ అణిగినా రోగనిరోధక వ్యవస్థ కొంత రేగుతూనే ఉంటుంది, దాంతో రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. హెచ్‌ఐవీ ఉన్నవారికి గుండెపోటు ముప్పు సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ. అలాగని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) మానొద్దు, మానితే ముప్పు ఇంకా పెరుగుతుంది. 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్న 40–75 ఏళ్ల వారు 7,769 మంది పాల్గొన్నారు. పిటావాస్టాటిన్ అనే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడిన వారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. ఇది చదివి స్టాటిన్ కొని వేసుకోకండి. రిటోనావిర్ ఉన్న హెచ్‌ఐవీ మందులు వాడేవారికి సింవాస్టాటిన్ అనే మరో స్టాటిన్ ప్రమాదకరం.

పసుపు కూరలో చాలు, క్యాప్సూల్స్‌తో గుండెపోటు ఆగుతుందనడానికి రుజువు లేదు. సీఆర్‌పీ కన్నా ముందు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. సిగరెట్ ఈరోజే మానేయండి. కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చిన బుక్కు, ఆ సిరప్ సీసా రెండూ పట్టుకెళ్లండి.