8085 సిమ్యులేటర్‌ని నలుగురం కలిసి ప్రాజెక్టుగా చేయొచ్చా?

మూడో సంవత్సరం బీటెక్, నలుగురు సభ్యులు, నాలుగు నెలల గడువు, జూనియర్లకు ల్యాబ్‌లో పనికొచ్చే 8085 సిమ్యులేటర్ (8085 అనే మైక్రోప్రాసెసర్ చిప్ పనితీరుని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్). మీ ప్రశ్న ఇదే కదా. చేయొచ్చు, తప్పకుండా చేయండి. కాకపోతే కోడ్ ముట్టుకోకముందే ఒకటి తేల్చుకోవాలి: మీ సిమ్యులేటర్ ఒక ఇన్‌స్ట్రక్షన్‌ని ఒకేసారి పూర్తి చేస్తుందా, టీ-స్టేట్ (ఒక్క క్లాక్ టిక్కు) తర్వాత టీ-స్టేట్‌గా నడుస్తుందా?

మొదటి రకం జీఎన్‌యూసిమ్8085 అనే సాఫ్ట్‌వేర్ రూపంలో ఉచితంగానే దొరుకుతోంది. రివ్యూలో "ఇందులో కొత్తేముంది?" అని అడిగితే మీ దగ్గర జవాబుండదు. ల్యాబ్‌లో అసలు చిప్ ఉండే ట్రైనర్ కిట్ మీద కూడా కనిపించనిది బస్ మీద, అంటే చిప్‌నీ మెమరీనీ కలిపే తీగల మీద, జరిగే పని. దాన్ని చూపించండి.

ఎస్‌టీఏ 2050 తీసుకోండి, అంటే అక్యుములేటర్ (ఏ అనే ముఖ్య రిజిస్టర్) విలువని 2050 అడ్రస్‌లో రాయమనే ఇన్‌స్ట్రక్షన్; ఇక్కడి అడ్రస్‌లూ బైట్లూ హెక్స్‌లో ఉన్నాయి. మెమరీలో 32, 50, 20 అని మూడు బైట్లు. మొత్తం 13 టీ-స్టేట్లు: ఆప్‌కోడ్ (ఏ పని చేయాలో చెప్పే బైట్) ఫెచ్‌కి 4, అడ్రస్ కింది బైట్ చదవడానికి 3, పై బైట్‌కి 3, చివరికి మెమరీలో రాయడానికి 3. ఆ రాసే సైకిల్‌లో టీ1 దగ్గర ఆపి చూడండి. ఏ8 నుంచి ఏ15 దాకా తీగల మీద 20, ఏడీ0 నుంచి ఏడీ7 దాకా 50, ఏఎల్‌ఈ (తీగల మీద ఉన్నది అడ్రస్ అని చెప్పే సిగ్నల్) పైన ఉంటుంది. ఏఎల్‌ఈ కిందికి దిగగానే 74ఎల్‌ఎస్373 అనే లాచ్ చిప్ ఆ 50ని పట్టుకుంటుంది. తర్వాత అవే ఎనిమిది తీగల మీద అక్యుములేటర్ విలువ వస్తుంది. టైమింగ్ డయాగ్రమ్‌ని బట్టీ పడుతున్న జూనియర్‌కి ఇది కళ్ల ముందు కదలడం చాలా పెద్ద సాయం. ఇన్‌స్ట్రక్షన్‌ని ఒకేసారి పూర్తి చేసేలా రాసిన కోర్‌ని తర్వాత ఇలా ముక్కలు చేయడం కుదరదు, మొదటి నుంచీ తిరగరాయాలి. అందుకే ముందే తేల్చుకోమంటున్నాను.

246 ఆప్‌కోడ్‌లని చూసి భయపడకండి. అందులో మూవ్‌లే (ఒక చోటి విలువని ఇంకో చోటికి కాపీ చేసేవి) 63, రిజిస్టర్‌తోనో ఎమ్‌తోనో (మెమరీలోని బైట్‌తో) చేసే ఏఎల్‌యూ పనులు, అంటే కూడిక, తీసివేత, పోలిక లాంటివి, 64. ఈ రెండు గుంపులకీ బిట్ల అమరిక ఒకటే పద్ధతిలో ఉంటుంది కాబట్టి సగం పైగా రెండు ఫంక్షన్లలో అయిపోతాయి.

పని పంచుకునేటప్పుడు "నువ్వు రిజిస్టర్ల స్క్రీను, నేను మెమరీ స్క్రీను" అనుకుంటే ఆఖరి వారంలో అతకదు. కోర్ (చిప్ పనిని అనుకరించే భాగం) ఒకరు, అసెంబ్లర్ (రాసిన ప్రోగ్రామ్‌ని ఆప్‌కోడ్‌లుగా మార్చేది) ఒకరు, స్క్రీను ఒకరు, పరీక్షలూ ల్యాబ్ పాఠాలూ ఒకరు. ఒక్కో క్లాక్‌కి కోర్ ఏమేం మారాయో జాబితాగా ఇవ్వాలి, స్క్రీను దాన్ని మాత్రమే చదవాలి. మారినవాటి పాత విలువలు కూడా ఆ జాబితాలోనే దాచుకుంటే వెనక్కి నడిపే బటన్ దాదాపు ఉచితంగా వస్తుంది. అడుగడుగుకీ 64 కేబీ మెమరీ మొత్తం కాపీ చేస్తే వెయ్యి అడుగులకే 64 ఎంబీ.

అందరూ తప్పు చేసే చోటు ఫ్లాగులు, అంటే లెక్క ఫలితం ఎలా వచ్చిందో చెప్పే ఒక్కో బిట్లు. ఏ లో 3ఈ ఉండగా సబ్ ఏ (ఏ లోంచి ఏ నే తీసేయడం) ఇస్తే, అరువు తీసుకోలేదు కదా అని ఏసీని (కింది నాలుగు బిట్ల నుంచి వచ్చే క్యారీని చెప్పే ఫ్లాగుని) 0 చేస్తారు. 8085 తీసివేతని టూస్ కాంప్లిమెంట్ కలిపి చేస్తుంది. కింది నాలుగు బిట్లలో 14, దాని బిట్లు తిరగేస్తే వచ్చే 1, ఇంకో 1 కలిస్తే 16, అంటే క్యారీ పుట్టింది. కాబట్టి ఏసీ 1. చివరి క్యారీ మాత్రం తిరగబడి సీవై (క్యారీ ఫ్లాగు) 0 అవుతుంది. ఐఎన్‌ఆర్ (రిజిస్టర్‌కి 1 కలిపేది), డీసీఆర్ (1 తీసేసేది) సీవైని ముట్టుకోవు. ఐఎన్‌ఎక్స్ (రిజిస్టర్ జతకి 1 కలిపేది) మాన్యువల్‌లో ఉన్న ఏ ఫ్లాగునీ ముట్టుకోదు. కూడిక ఫలితాన్ని దశాంశ అంకెలుగా సరిచేసే డీఏఏకి వచ్చే సందర్భాలు (ఏ విలువ, ఏసీ, సీవై) 256 × 2 × 2, అంటే 1024. అన్నీ నడిపించి కిట్‌తో కొన్నయినా పోల్చండి.

టీ-స్టేట్ల పట్టికని 8085 కంటే ముందొచ్చిన 8080 చిప్ ఎమ్యులేటర్ల నుంచి ఎత్తుకోవద్దు. జేఎన్‌జెడ్ (ఫలితం సున్నా కాకపోతే వేరే అడ్రస్‌కి దూకేది) అక్కడ ఎప్పుడూ 10, 8085లో దూకితే 10, దూకకపోతే 7. కాల్ అక్కడ 17, ఇక్కడ 18. సరిచూసుకోవడానికి చిన్న డిలే లూప్ చాలు: సీ రిజిస్టర్‌లో ఎఫ్‌ఎఫ్ (255) పెట్టి, డీసీఆర్ సీ, జేఎన్‌జెడ్. సరిగ్గా 3574 టీ-స్టేట్లు రావాలి, 3 మెగాహెర్ట్జ్ దగ్గర 1.19 మిల్లీసెకన్లు. 3832 వచ్చిందంటే మీ పట్టిక 8080దే.

ఇంకొకటి. జూనియర్లు ప్రోగ్రామ్ చివర ఆపే ఇన్‌స్ట్రక్షన్ హెచ్‌ఎల్‌టీ మర్చిపోతారు. మెమరీ అంతా సున్నాలతో నింపి ఉంటే 00 అంటే నాప్ (ఏమీ చేయకుండా ముందుకెళ్లడం) కాబట్టి పీసీ (తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్‌ని పట్టుకునే రిజిస్టర్) ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా పోయి, 0000కి తిరిగొచ్చి, ప్రోగ్రామ్ మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. జవాబు ఒకటికి మించి కూడి ఉండొచ్చు, ఎందుకో వాళ్లకి అర్థం కాదు. ప్రోగ్రామ్ ఎక్కించని అడ్రస్‌లోకి పీసీ అడుగు పెట్టగానే ఆపేసి, "హెచ్‌ఎల్‌టీ రాశారా?" అని ఆ లైను పక్కనే చూపించండి.